పీహెచ్‌సీలో ఎవరి పని ఏది, ఎంత? జాబ్ చార్టు రాసి పనిభారం లెక్కగట్టే పద్ధతి

పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మెడికల్ ఆఫీసర్‌గానో, సూపర్‌వైజర్‌గానో, జిల్లా కార్యాలయంలో ప్రోగ్రామ్ ఆఫీసర్‌గానో ఉంటే రెండు ప్రశ్నలు మిమ్మల్ని వదలవు. ఈ పని అసలు ఎవరిది? ఉన్నవాళ్లు ఈ పనికి సరిపోతారా? చాలాచోట్ల రెండో ప్రశ్నతోనే మొదలుపెడతారు. ఖాళీ పోస్టులు ఎన్నని లెక్కేసి పైకి రాస్తారు. మొదటి ప్రశ్న తేలకుండా రెండోదానికి జవాబు రాదు. ఒకే బీపీ రోగిని ఏఎన్‌ఎం (ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్త) తన రిజిస్టరులో, ఎంఎల్‌హెచ్‌పీ (సబ్ సెంటరులో వైద్యం చూసే మధ్యస్థాయి ఉద్యోగి) తన యాప్‌లో, ఆశా తన డైరీలో రాసుకుంటే కాగితం మీద ముగ్గురికీ పని ఉన్నట్టే ఉంటుంది. ఆ రోగి మాత్ర ఆపేస్తే అడగాల్సింది ఎవరినో మాత్రం తేలదు.

కింద చెప్పేది పీహెచ్‌సీకీ దాని సబ్ సెంటర్లకీ సరిపోయే పద్ధతి. ఏరియా ఆసుపత్రి వార్డుకైనా ఇదే వరుస. ఒక పీహెచ్‌సీకి మొత్తం పని నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోతుంది.

1. కేడర్లను పేర్లతో కాదు, మనుషులతో లెక్కించండి

పేర్ల దగ్గరే గందరగోళం మొదలవుతుంది. ఏఎన్‌ఎం అన్నా, ఎంపీహెచ్‌ఏ ఫిమేల్ అన్నా ఒకరే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక గ్రేడ్-3 ఏఎన్‌ఎంలు చేరారు. వీళ్లు ఆరోగ్యశాఖ పని చేస్తూ సచివాలయం చెప్పే పనులకూ వెళ్లాల్సి వస్తుంది. విలేజ్ క్లినిక్‌లో, తెలంగాణలో పల్లె దవాఖానాలో ఎంఎల్‌హెచ్‌పీ ఉంటారు. కేంద్రం పత్రాల్లో ఇదే పోస్టు సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) పేరుతో కనిపిస్తుంది.

ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, డెప్యుటేషన్ మీద బయటికి వెళ్లినవాళ్లు, ఈరోజు నిజంగా డ్యూటీలో ఉన్నవాళ్లు. లెక్కకు పనికొచ్చేది చివరి అంకె ఒక్కటే. జీతం ఇక్కడ, పని వేరేచోట అయితే ఆ మనిషిని పనిచేస్తున్న చోటే లెక్కించాలి.

2. మూడు గడుల పట్టిక

ప్రతి కేడర్‌కీ ఒక పేజీ తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో చట్టం ఏం చేయనిస్తుందో రాయండి, రెండో గడిలో జాబ్ చార్టు (ఆ కేడర్ విధుల జాబితా), ఉత్తర్వులు ఏం చేయమన్నాయో, మూడో గడిలో రోజువారీగా నిజంగా ఏం జరుగుతోందో.

మొదటి గడిని చాలామంది వదిలేస్తారు. అది పొరపాటు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు రాసిన మందుల్ని కలిపి, తయారుచేసి ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. ఫార్మసిస్టు సెలవు పెట్టిన రోజు కిటికీ దగ్గర ఎవరు నిలబడుతున్నారో మూడో గడిలో దాచకుండా రాయండి. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కి పరిమిత లైసెన్సు గురించి చెబుతుంది. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులే స్వతంత్రంగా రాయవచ్చు, మిగతావి డాక్టరు పర్యవేక్షణలోనే. ల్యాబ్ టెక్నీషియన్ల వంటి అనుబంధ వృత్తులకు 2021లో, నర్సింగ్, మిడ్‌వైఫరీకి 2023లో కొత్త కమిషన్ చట్టాలు వచ్చాయి. జాబ్ చార్టు అంతకంటే పాతదైతే ఒకసారి పక్కపక్కన పెట్టి చదవండి.

మూడో గడి నింపేటప్పుడు పైఅధికారిని అడగకండి. పని చేసేవాళ్లనే అడగండి, అదీ విడివిడిగా. "నిన్న పొద్దున వచ్చినప్పటి నుంచి సాయంత్రం వెళ్లేదాకా ఏమేం చేశారు?" అని గంటగంటకీ అడిగితే నిజం బయటికొస్తుంది. "మీ విధులేంటి?" అని అడిగితే జాబ్ చార్టునే అప్పజెబుతారు.

రెండో గడిలో ఉండి మూడో గడిలో లేనిది జరగని పని. మూడో గడిలో ఉండి రెండో గడిలో లేనిది గుర్తింపు లేని పని. సర్వేలు, వీడియో కాన్ఫరెన్సులు, వేరే శాఖ డ్యూటీలు ఇక్కడే దొరుకుతాయి. మూడో గడిలో ఉండి మొదటి గడి ఒప్పుకోనిదైతే దాన్ని వెంటనే ఆపాలి, లేదా అర్హత ఉన్నవాళ్లకి అప్పగించాలి. లెక్క పూర్తయ్యేదాకా ఆగకూడదు.

3. ప్రతి పనికీ ఒక్కరే జవాబుదారు

పట్టికలోంచి ఒకరికంటే ఎక్కువమంది పేర్లున్న పనుల్ని వేరుచేయండి. పీహెచ్‌సీలో ఇవి సాధారణంగా పది, పదిహేను ఉంటాయి: బీపీ, షుగర్ ఫాలోఅప్, ప్రసవం తర్వాత ఇంటి సందర్శన, టీకాకి రాని పిల్లల్ని పిలిపించడం, క్షయ రోగి మందులు, ఐఎల్‌ఆర్ (టీకాలు నిల్వచేసే ఫ్రిజ్) ఉష్ణోగ్రత, మందుల ఇండెంటు లాంటివి.

ఒక్కో పనికి నాలుగు పాత్రలు రాయండి. చేసేవారు, జవాబు చెప్పాల్సినవారు, అడిగి చేయాల్సినవారు, తెలియజేయాల్సినవారు. చేసేవారు ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. జవాబుదారు మాత్రం ఒక్కరే. ఐఎల్‌ఆర్ ఉష్ణోగ్రత రోజుకి రెండుసార్లు, సెలవు రోజుల్లో కూడా చూసి రాయాలి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫార్మసిస్టు రాయొచ్చు, స్టాఫ్ నర్సు రాయొచ్చు. ఆదివారం గడి ఖాళీగా ఉంటే ఎవరిని అడగాలో ముందే తేలి ఉండాలి.

ఇక జాబ్ చార్టు వాక్యాలు. "సహకరించాలి", "పాల్గొనాలి", "కృషి చేయాలి", "తోడ్పడాలి" అన్న క్రియలు కనబడితే కొట్టేయండి. వాటిని కొలవలేం, ఎవరినీ అడగలేం. "అసాంక్రమిక వ్యాధుల నియంత్రణకు కృషి చేయాలి" అన్న వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: "తన పరిధిలో నమోదైన ప్రతి బీపీ రోగికీ నెలకోసారి బీపీ చూసి, రాసి, నెల మాత్రలు ఇవ్వాలి. 140/90 దాటితే ఆ వారంలోనే మెడికల్ ఆఫీసర్‌కి చూపించాలి. ఆ నెల రానివాళ్ల జాబితా మరుసటి నెల 5వ తేదీలోగా ఆశాకి ఇవ్వాలి." ఎవరు, ఎవరికి, ఎన్నిసార్లు, ఏ హద్దు దాటితే ఎవరికి అప్పగించాలి, ఎక్కడ రాయాలి అన్న అయిదూ ఉంటేనే వాక్యం పూర్తయినట్టు.

చార్టు చివర ఇంకో పేరా తప్పనిసరి: ఈ మనిషి సెలవులో ఉంటే ఈ పని ఎవరిది? పాత్రల గొడవలు ఎక్కువగా సెలవు రోజుల్లోనే పుడతాయి.

4. ఏడాదికి నిజంగా చేతికొచ్చే గంటలు

ఇక్కడి నుంచి వాడబోయేది ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. విస్న్ (వర్క్‌లోడ్ ఇండికేటర్స్ ఆఫ్ స్టాఫింగ్ నీడ్) అంటారు. 1998లో మాన్యువల్‌గా వచ్చి, 2010లో సవరణ అయింది. దీని బలం ఏమిటంటే జనాభాకి ఇంతమంది అనే నిష్పత్తితో కాకుండా పనిని చూసి మనుషుల్ని లెక్కిస్తుంది. సబ్ సెంటరుకి మైదానంలో 5,000, కొండ, గిరిజన ప్రాంతంలో 3,000 జనాభా అనే కొలమానం ప్రణాళికకి సరే. 5,000 మంది ఒకే పెద్ద ఊళ్లో ఉన్నా, ఏడు తండాల్లో చెదిరి ఉన్నా ఆ కొలమానానికి తేడా తెలియదు.

ముందుగా గంటలు. వారానికి 6 రోజుల చొప్పున 52 వారాలకి 312 రోజులు. అందులోంచి ఆదివారం పడని పండుగ సెలవులు, సీఎల్, ఈఎల్, జబ్బు సెలవులు, శిక్షణ రోజులు తీసేయాలి. అర్హత ఉన్న సెలవులు కాకుండా, ఆ కేడర్ గత ఏడాది వాడుకున్న సెలవుల సగటు తీసుకోండి. ఉదాహరణకి 20+15+15+6+6 = 62 రోజులు అనుకుందాం. మిగిలేవి 250 రోజులు. రోజుకి 7 గంటల చొప్పున 1,750 గంటలు.

ఏఎన్‌ఎం, స్టాఫ్ నర్సు కేడర్లలో ప్రసూతి సెలవునీ, పిల్లల సంరక్షణ సెలవునీ కూడా సగటులో కలపాలి. దీన్ని వదిలేస్తే కాగితం మీద ఉన్న మనిషి ఆరు నెలలు లేకపోయినా ఆ పని మిగతావాళ్ల మీద పడుతున్న సంగతి ఎక్కడా కనపడదు. ఒక్క పీహెచ్‌సీ సగటు తీస్తే అంకెలు ఊగిపోతాయి. జిల్లా మొత్తం సగటు తీసుకోండి.

5. పనుల్ని మూడు కుప్పలుగా వేయండి

ఒకటి, సేవలు. కేడర్‌లో అందరూ చేసేవి, రిజిస్టరులో అంకెలు ఉండేవి. రెండు, సహాయక పనులు. అందరూ చేస్తారు కానీ అంకెలుండవు: రిజిస్టర్లు, యాప్ ఎంట్రీ, ప్రయాణం, సమావేశాలు. మూడు, అదనపు పనులు. కేడర్‌లో కొందరికే ఉండేవి.

ఒక్క పనిని రెండు కుప్పల్లో వేయకండి. ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. బాలింత ఇంటికి నడిచిన సమయాన్ని ఇంటి సందర్శన నిమిషాల్లో కలిపితే ప్రయాణం కుప్పలో మళ్లీ రాయకూడదు. కేసు చూస్తూనే యాప్‌లో ఎక్కించే పనికి కూడా ఇదే వర్తిస్తుంది.

సేవల కుప్పలో పది కంటే ఎక్కువ అంశాలు పెట్టకండి. ఏడాదిలో పది గంటలు కూడా తీసుకోని చిన్న పనుల కోసం కుస్తీ పడితే పెద్దవాటి మీద శ్రద్ధ తగ్గుతుంది.

6. ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు

ఆ కేడర్‌లో అనుభవమున్న ఆరుగురిని, వాళ్ల సూపర్‌వైజర్ ఒకరిని కూర్చోబెట్టండి. "మామూలుగా ఎంతసేపు పడుతుంది?" అని కాకుండా "సరిగ్గా చేస్తే ఎంతసేపు పడుతుంది?" అని అడగండి. గర్భిణి పరీక్ష అంటే బరువు, బీపీ, హిమోగ్లోబిన్, పొట్ట పరీక్ష, ఐరన్ మాత్రలు, ప్రమాద సూచనలు చెప్పడం, తల్లీబిడ్డ కార్డులో రాయడం. ఇవన్నీ 6 నిమిషాల్లో అయ్యాయంటే ఏదో ఎగిరిపోయింది. హడావుడిగా చేస్తున్న పని నిమిషాలనే ప్రమాణంగా పెడితే ఇప్పుడున్న కొరతే కొలమానం అవుతుంది. ఉన్న సిబ్బంది సరిపోతున్నట్టు లెక్క తేలుతుంది. పద్ధతి మొత్తాన్ని పాడుచేసేది ఇదే.

బీపీ చూసే ముందు రోగిని 5 నిమిషాలు కూర్చోబెట్టాలి. అది రోగి సమయం. ఆ లోపు ఇంకొకరిని చూస్తారు కాబట్టి సిబ్బంది నిమిషాల్లో వేయకూడదు.

టీకాలకి పిల్లల లెక్క పనికిరాదు. అయిదుగురు వచ్చినా ఇరవైమంది వచ్చినా సెషన్ తెరవాలి, చివరి బిడ్డకి టీకా వేశాక అరగంట కనిపెట్టుకుని ఉండాలి, కలిపిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా నాలుగు గంటలు దాటితే పారేయాలి. అందుకే ఒక సెషన్‌కి ఇన్ని గంటలు అని వేయండి.

చెప్పిన నిమిషాలు నిజమో కాదో తెలుసుకోవడానికి పరిశీలన కావాలి. ఒకరి వెంట గడియారంతో తిరిగితే పని తీరే మారిపోతుంది. దానికంటే పది నిమిషాలకోసారి చూసి, ఆ క్షణంలో ఏం చేస్తున్నారో ఒక్క కోడ్‌తో రాసుకోవడం తేలిక. కోడ్లు అయిదు చాలు: రోగితో, రోగి కోసం వేరేచోట, రాతపని, ప్రయాణం, ఇతరం. ఎన్ని పరిశీలనలు కావాలన్నది లెక్కతో వస్తుంది. రాతపని సుమారు 20 శాతం ఉంటుందనుకుని, 3 శాతం అటూఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో తెలుసుకోవాలంటే 1.96 × 1.96 × 0.2 × 0.8 ÷ (0.03 × 0.03) = 683. ఏడు గంటల డ్యూటీలో రోజుకి 42 పరిశీలనలు వస్తాయి. అంటే సుమారు 17 మనిషి-రోజులు. ముగ్గురిని ఆరేసి రోజులు చూస్తే సరిపోతుంది. టీకా రోజులు, సమీక్ష రోజులు, మామూలు రోజులు అన్నీ అందులో పడాలి. వీటికి ముందు అదనంగా రెండు రోజులు చూసి, ఆ అంకెలు పక్కన పెట్టేయండి. ఎవరో చూస్తున్నారన్న బిడియం అప్పటికి తగ్గుతుంది. ఈ కాగితాల మీద పేర్లు వద్దు. ఫలితాన్ని మెమో ఇవ్వడానికి వాడబోమని మొదటి రోజే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. ఒక్కసారి తప్పారంటే ఆ తర్వాత మీకు నిజమైన అంకె ఒక్కటీ దొరకదు.

7. లెక్క

5,000 జనాభా ఉన్న సబ్ సెంటరులో ఏఎన్‌ఎం పని ఇలా ఉందనుకుందాం. కింది అంకెలు లెక్క చూపడానికి మాత్రమే. మీ రిజిస్టరు అంకెలు మీరు వేసుకోండి.

గర్భిణి పరీక్షలు 90 × 4 = 360. 20 నిమిషాల చొప్పున 120 గంటలు.
టీకా సెషన్లు 48. నాలుగు గంటల చొప్పున 192 గంటలు.
బాలింత, పసిబిడ్డ ఇంటి సందర్శనలు 80 × 3 = 240. అరగంట చొప్పున 120 గంటలు.
30 ఏళ్లు దాటినవాళ్లకి స్క్రీనింగ్ 2,500. 10 నిమిషాల చొప్పున 416.7 గంటలు.
బీపీ, షుగర్ ఫాలోఅప్ 450 మంది × 12 = 5,400. 5 నిమిషాల చొప్పున 450 గంటలు.
జ్వరం కేసులు, రక్తపూత 600. 8 నిమిషాల చొప్పున 80 గంటలు.

మొత్తం 1,378.7 గంటలు. 1,750తో భాగిస్తే 0.788.

ఇక సహాయక పనులు. రాతపని, యాప్ ఎంట్రీ రోజుకి గంటన్నర అంటే 21.4 శాతం. ప్రయాణం గంట, 14.3 శాతం. పీహెచ్‌సీ సమీక్ష నెలకో రోజు, 4.8 శాతం. స్టాకు, వ్యాక్సిన్ క్యారియర్ లాంటివి రోజుకి 20 నిమిషాలు, 4.8 శాతం. అంతా కలిపి 45.3 శాతం.

ఇక్కడ ఆగి జాగ్రత్తగా చూడండి. 0.788కి 45.3 శాతం కలపకూడదు. రోజులో 45.3 శాతం పోగా మిగిలిన 54.7 శాతంలోనే సేవలన్నీ జరగాలి కాబట్టి భాగించాలి: 1 ÷ 0.547 = 1.828. అప్పుడు 0.788 × 1.828 = 1.44. కలిపేస్తే (0.788 × 1.453) 1.145 మాత్రమే వస్తుంది. సుమారు 0.3 మనిషి పని మాయమవుతుంది.

ఈ ఏఎన్‌ఎంకి ఆశా డే (ఆశాల నెలవారీ సమావేశం) నిర్వహణ నెలకో రోజు అదనంగా ఉంటే ఏడాదికి 84 గంటలు, అంటే 0.048. మొత్తం 1.49 మంది కావాలి. ఒక్కరే ఉంటే నిష్పత్తి 1 ÷ 1.49 = 0.67. అంటే కావలసిన దాంట్లో మూడింట రెండు వంతుల సిబ్బందితో నెట్టుకొస్తున్నారు. పని జరుగుతున్నట్టు కనిపిస్తుంటే ఎక్కడో నిమిషాలు కోసుకుంటున్నారన్నమాట.

మూడో దశలో తేల్చుకున్న పాత్రలు ఇక్కడ అక్కరకొస్తాయి. బీపీ, షుగర్ ఫాలోఅప్‌కి ఎంఎల్‌హెచ్‌పీయే చేసేవారు, జవాబుదారు అని చార్టులో రాసి, ఏఎన్‌ఎం రిజిస్టరులోంచి తీసేశారనుకోండి. 450 గంటలు తగ్గి సేవలు 928.7 గంటలవుతాయి. 0.531 × 1.828 + 0.048 = 1.02. ఒక్కరు సరిపోతారు. విస్న్ నియమం ప్రకారం 1.1 దాకా ఒక్కరికే కుదించవచ్చు, 1.1 దాటితే ఇద్దరికి పెంచాలి. కొత్త పోస్టు లేకుండానే 1.49 కాస్తా 1.02 అయింది. ఆ 450 గంటలు ఎక్కడికీ పోలేదు సుమా. ఎంఎల్‌హెచ్‌పీ లెక్కలో వేసి అక్కడ కూడా సరిపోతుందో లేదో చూడాలి. రోగిని చూసేది ఎంఎల్‌హెచ్‌పీ, యాప్‌లో ఎక్కించేది మాత్రం ఏఎన్‌ఎం అన్న సగం బదిలీ అయితే ఈ లాభం ఉండదు.

ఈ లెక్క ఆశాలకి నేరుగా పనికిరాదు. వాళ్లకి నిర్ణీత పని గంటలు లేవు, కాబట్టి భాగించడానికి 1,750 లాంటి అంకె ఉండదు. వాళ్ల విషయంలో రెండు వారాల డైరీ పెట్టి వారానికి ఎన్ని గంటలు పడుతోందో చూడండి. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చేసే ఆరు సందర్శనల్లాంటి పారితోషికం ఉన్న పనులకి ఎంత పోతోంది, లేని పనులకి ఎంత పోతోంది అని విడదీయండి. ఆ రెండో అంకెని సమీక్షలో అందరి ముందూ పెట్టండి. ఎవరూ లెక్కించని శ్రమ అదే.

8. పని ఎంత అన్నది తేలింది, ఎలా అన్నది?

సంఖ్యలతో ఆగితే సిబ్బంది సంఖ్యల కోసమే పనిచేస్తారు. ఒక్కో కేడర్‌కి రెండు మూడు నాణ్యత సూచికలు చాలు. 12 వారాల్లోపు నమోదైన గర్భిణుల శాతం ఒకటి. బీపీకి భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం వాడే కొలత తీసుకోండి. తెలంగాణ అందులో మొదటి అయిదు రాష్ట్రాల్లో ఒకటి. నమోదైన రోగుల్లో ఈ త్రైమాసికంలో చివరిసారి చూసినప్పుడు 140/90 కంటే తక్కువ ఉన్నవాళ్లు ఎంతమంది? ఈ త్రైమాసికంలో రానివాళ్లు కూడా హారంలో ఉండాల్సిందే. వచ్చినవాళ్లతోనే భాగిస్తే ఎంతమంది మానేస్తే శాతం అంత అందంగా కనిపిస్తుంది.

రిజిస్టరు అంకెని కూడా తనిఖీ చేయండి. ప్రతి సబ్ సెంటరు నుంచి చీటీలు తీసి 20 పేర్లు ఎంచుకుని ఇంటికి వెళ్లి అడగండి. 20లో నాలుగైదు కుదరకపోతే ఆ ఏడాది సేవల అంకెలు లెక్కలో వాడకండి. ఎక్కువ రాస్తే ఎక్కువమంది కావాలని తేలుతుందన్న ఆశ ఒకవైపు, టార్గెట్ చేరామని చూపాల్సిన ఒత్తిడి ఇంకోవైపు ఉంటాయి. రెండూ ఒకే దిక్కుకి లాగుతాయి.

ఏడాది సగటుని గుడ్డిగా నమ్మకండి. జూలై నుంచి అక్టోబరు దాకా జ్వరాల కాలం. 600 కేసుల్లో 400 ఆ నాలుగు నెలల్లోనే వస్తే అప్పటి భారం వేరు. ఆ నెలలకి విడిగా లెక్క వేసి, స్క్రీనింగ్‌ని నవంబరు తర్వాతికి జరపండి.

జిల్లాకి పంపేటప్పుడు ఒక్క పేజీ పంపండి: కేడర్, ఉన్నవాళ్లు, కావలసినవాళ్లు, తేడా, నిష్పత్తి, పక్కన ఏ పని ఎవరికి బదిలీ చేశారో రెండు వాక్యాలు. తేడా, నిష్పత్తి రెండూ ఉండాలి. పదిమంది ఉన్నచోట ఒకరు తక్కువైతే నిష్పత్తి 0.91, ఇద్దరు కావలసినచోట ఒక్కరే ఉంటే 0.5. తేడా రెండుచోట్లా ఒక్కరే. డెప్యుటేషన్ మీద ఎవరినైనా పంపాల్సి వస్తే ముందు రెండో చోటికి పంపాలి.

కొత్త యాప్ వచ్చినా, కొత్త కార్యక్రమం మొదలైనా, కొత్త పోస్టు చేరినా లెక్క పాతబడిపోతుంది. అప్పుడు మొత్తం మళ్లీ చేయనక్కర్లేదు. మారిన పనికి నిమిషాలు మళ్లీ వేసి, మూడు గడుల పట్టికలో ఆ వరుస తిరగరాసి, సంబంధిత సిబ్బందితో సంతకం చేయించి, ఒక నకలు వాళ్ల చేతికే ఇవ్వండి.